కొండవాగు, ర్యామ్ పంపు, నా ఆఖరి ఏడాది

ఆగస్టు 10

ఈ రోజు నుంచి ప్రాజెక్టు డైరీ రాస్తున్నాను. కాలేజీకి ఇవ్వాల్సిన రిపోర్టు వేరే ఉంది. ఇది నా కోసం. మూడేళ్లలో మొదలుపెట్టి వదిలేసిన పనులు చాలా ఉన్నాయి. ఎందుకు వదిలేశానో అడిగితే ఒక్కదానికీ సరైన జవాబు గుర్తుకు రావడం లేదు. ఈసారి వదిలేసినా కారణమైనా కాగితం మీద ఉండాలి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఊరు దాటి కాస్త పోతే పాతపట్నం, అంటే ఆంధ్ర. నాన్న 22 ఏళ్లుగా ఇక్కడే ఒక హార్డ్‌వేర్ షాపులో గుమాస్తా. కౌన్సెలింగ్‌లో దగ్గరి కాలేజీలో మెకానికల్ సీటు వచ్చింది, హాస్టల్ ఖర్చు ఉండదని చేరాను. రెండో ఏడాది మా వీధిలో ఇద్దరికి బ్యాంకు ఉద్యోగాలు వచ్చాయని పొద్దున్నే బ్యాంకు కోచింగ్‌కి వెళ్లాను. మూడో ఏడాది సాఫ్ట్‌వేరే నయమన్నారని పైథాన్ కోర్సు మొదలుపెట్టి 17 వీడియోల దగ్గర ఆపాను. ఎవరైనా "తర్వాత ఏటి చేస్తావమ్మా" అంటే గొంతు ఆరిపోయేది. బంధువుల పెళ్లిళ్లకు వెళ్లడం కూడా తగ్గించాను.

టీమ్‌లో నలుగురం. నేను, బరంపురం అమ్మాయి, కాశీనగర్ అబ్బాయి, గుమ్మా బ్లాకు కొండల నుంచి వచ్చిన సవర మిత్రుడు. ప్రాజెక్టుకు ఏం తీసుకుందామని మూడు వారాలు కొట్టుకున్నాక సవర మిత్రుడు ఒక మాటన్నాడు. "మా ఊళ్లో ట్యాంకు ఉంది, నీళ్లు లేవు. వాగేమో కింద ఉంది. ఒకసారి వచ్చి చూడండి."

ఆగస్టు 18

చూసొచ్చాం. 17 ఇళ్లు, 78 మంది. ఊరి పక్కన 2000 లీటర్ల ట్యాంకు, దానికి నాలుగు కుళాయిలు. సోలార్ మోటారు రెండేళ్ల కిందట ఆగిపోయిందట, బాగుచేయడానికి మనిషి రాలేదు. ఆడవాళ్లు వాగు దగ్గర అల్యూమినియం బిందెలు ముంచుకుని తెస్తున్నారు. దారి రాళ్లతో నిండిన ఏటవాలు. వానాకాలం కదా, నాచు పట్టి జారుతోంది. ఒకామె తల మీద ఒకటి, నడుం మీద ఒకటి పెట్టుకుని, కాలి బొటనవేలితో ముందు రాయి కదులుతుందో లేదో నొక్కి చూసి, అప్పుడు అడుగు వేస్తోంది. నేను ఖాళీ చేతులతో వెనకాలే ఎక్కి రెండుసార్లు జారాను.

వాగులో 15 లీటర్ల బకెట్ నిండటానికి 9 సెకన్లు పట్టింది. నిమిషానికి 100 లీటర్లు. తాపీమేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబుతో ఎత్తు కొలిచాం. పైన చిన్న మడుగు నుంచి పంపు పెట్టే చోటికి 2.4 మీటర్ల వాలు. అక్కడి నుంచి ట్యాంకు పైఅంచుకు 14 మీటర్లు.

కరెంటు లేకుండా, డీజిల్ లేకుండా నీళ్లు పైకి ఎక్కాలి. హైడ్రాలిక్ ర్యామ్ అనే పంపు గురించి రెండో ఏడాది పుస్తకంలో ఒక పేజీ ఉంది. పరీక్షలో అయిదు మార్కులకు బొమ్మ గీశాను కూడా. ఫ్రాన్సులో 1796లో జోసెఫ్ మిషెల్ మాంట్‌గోల్ఫియర్ చేసిన యంత్రం. 1783లో తమ్ముడితో కలిసి వేడిగాలి బెలూన్ ఎగరేసినాయనే. ఇన్నేళ్లయినా దాన్ని నడిపేది వాగు పరుగే.

ఇది పనిచేసే తీరు చాలా సులువు. బాత్‌రూంలో కుళాయి ఠక్కున కట్టేస్తే గోడలో పైపు టంగుమంటుంది. ఆ దెబ్బతోనే ఇదంతా నడుస్తుంది. మడుగు నీళ్లు డ్రైవ్ పైపు అనే ఏటవాలు పైపులో పరుగెత్తి వచ్చి, కింద తెరిచి ఉన్న వేస్ట్ వాల్వ్ గుండా బయటికి పోతుంటాయి. వేగం పెరిగేసరికి ఆ నీళ్లే వాల్వ్‌ను లాక్కుని మూసేస్తాయి. పరుగులో ఉన్న నీటికి దారి మూసుకుపోగానే ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. ఆ ఊపుకి కొన్ని నీళ్లు రెండో వాల్వ్‌ను తోసుకుని గాలి గదిలోకి, అక్కడి నుంచి ట్యాంకుకు వెళ్లే డెలివరీ పైపులోకి ఎక్కుతాయి. ఒత్తిడి తగ్గగానే వేస్ట్ వాల్వ్ తన బరువుకి కింద పడి మళ్లీ తెరుచుకుంటుంది. వాగు పారినన్నాళ్లూ ఇదే ఆట. ఎక్కువ నీళ్లు కిందికి పడి, ఆ బలంతో కొద్ది నీళ్లను పైకి ఎత్తుతాయి.

కాగితం మీద లెక్క: నిమిషానికి 60 లీటర్లు వాడితే, 60 శాతం సామర్థ్యంతో 6.2 లీటర్లు పైకి రావాలి.

ఆగస్టు 29

మళ్లీ వెళ్లాం. ఈసారి ఊరి పెద్దలకు చెప్పి ఒప్పించడానికి. మా మిత్రుడి మామ్మకి సవర తప్ప ఇంకో భాష రాదు. నేను తెలుగులో చెబితే వాడు సవరలో చెప్పాడు. వాడి మాటల్లో నాకు పట్టుబడింది ఒక్క ముక్క, "డా", అంటే నీళ్లు. మామ్మ అంతా విని ఒక ప్రశ్న వేసింది. రాత్రిపూట దాని దగ్గర ఎవరు కూర్చుంటారు అని. ఎవరూ అక్కర్లేదు, వాగే నడుపుకుంటుంది అన్నాం. ఆమె నమ్మలేదు. నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

ఈ రోజు తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు. మా ఊరి వాళ్లం ఆయన పేరు వింటూనే పెరుగుతాం. 1863లో పుట్టి, 1880లో, అంటే నా కన్నా చిన్న వయసులో, మా ఊరి బడికి చరిత్ర పాఠాలు చెప్పడానికి వచ్చారు. పంతులుగారి జీతం, ఫస్టు ఫారం పిల్లలు, అంతే. కొండల నుంచి దిగివచ్చే సవరల మాట చెవిన పడి, ఆ మాట తెలిసినవాళ్లను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. సవర భాష మీద ఆయన పెద్ద పుస్తకం అచ్చయింది 1931లో. మధ్యలో వాడుక భాష ఉద్యమం. 1936లో మా ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు.

చిన్నప్పటి నుంచి ఇవన్నీ ఉపన్యాసాల్లో విన్నవే. ఇవాళ బస్సులో తిరిగి వస్తూ మొదటిసారి ఇంకోలా ఆలోచించాను. ఆయన పర్లాకిమిడి వచ్చింది చరిత్ర చెప్పడానికి. సవర భాష ఆయన లెక్కలో ఉండే అవకాశమే లేదు. పక్కన వినబడినదాన్ని వదలకుండా పట్టుకున్నారు, ఏళ్లకేళ్లు పట్టుకున్నారు. నేను మూడేళ్లుగా నా దారి ఏదో ముందు తేల్చుకుని తర్వాత నడుద్దామని కూర్చున్నాను.

సెప్టెంబరు 21

కాలేజీ మెట్ల దగ్గర మొదటి పరీక్ష. మొదటి అంతస్తులో డ్రమ్ము, కింద ఒక అంగుళం పీవీసీ పైపుతో చిన్న మోడల్. నీళ్లు వదలగానే వేస్ట్ వాల్వ్ టక్కుమని మూసుకుని అలాగే ఉండిపోయింది. వేలితో నొక్కితే తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. గంటన్నర అదే పని. సాయంత్రానికి తెలిసింది: డెలివరీ వైపు ఎదురు ఒత్తిడి లేకపోతే దానంతట అది తెరుచుకోదు. డెలివరీ గేట్ వాల్వ్ కట్టేసి, వేస్ట్ వాల్వ్‌ను చేత్తో ఇరవై ముప్పై సార్లు నొక్కి, లోపల ఒత్తిడి పెరిగాక గేటు మెల్లగా తిప్పాలి. 27వ నొక్కుకి నా వేలు తీశాక కూడా అది కొట్టుకుంటూనే ఉంది. నలుగురం మాట్లాడకుండా నిలబడ్డాం.

అందరూ కడుతున్నారని ఈ వారమే ఎం.టెక్‌లో చేరడానికి రాసే గేట్ పరీక్షకి ఫీజు కట్టాను.

అక్టోబరు 11

పీవీసీ డ్రైవ్ పైపు అతుకు దగ్గర పగిలింది. ఆ దెబ్బలకు పీవీసీ కొద్దిగా సాగి ఒత్తిడిని మింగేస్తుంది కూడా, అందుకే చప్పుడు మెత్తగా వస్తోంది. ఇనుప పైపే కావాలి.

2018లో ఇదే రోజు తిత్లీ తుపాను. పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వెళ్లింది. నేను హైస్కూల్లో ఉన్నాను. మాకు రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు లేవు, వీధి చివర చేతిపంపు దగ్గర వరసలో నిలబడ్డాం. మా మిత్రుడి ఊళ్లో ఊట నుంచి వేసుకున్న పైపు కొండచరియతో పాటు కొట్టుకుపోయిందని ఇవాళే చెప్పాడు. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఎప్పుడూ అడగలేదు.

నవంబరు 16

నాన్న షాపులోనే సామాను కొన్నాం. రెండంగుళాల జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, రెండు లెంగ్తులు, ఒక్కోటి 6 మీటర్లు. వేస్ట్ వాల్వ్‌కి రెండంగుళాల ఇత్తడి స్వింగ్ చెక్ వాల్వ్ (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది), డెలివరీకి ఇంకో చెక్ వాల్వ్, టీలు, నిపుల్స్, రెడ్యూసర్, రెండు యూనియన్లు (పైపు తిప్పకుండా విప్పుకునే జాయింట్లు), ప్రెషర్ గేజ్. గాలి గదికి నాలుగంగుళాల పీవీసీ ఒక మీటరు.

నాన్న నా బొమ్మ చూసి ఒక్కో ఫిట్టింగ్ కౌంటర్ మీద వరసగా పేర్చాడు. నేను రాసుకున్న లిస్టులో యూనియన్ ఒక్కటే ఉంది. "రెండోది పెట్టమ్మా, విప్పాలంటే పైపంతా తిప్పుకోవాలి మరి" అన్నాడు. గాలి గది మూత గురించీ అన్నాడు. "గమ్ముతో అతికించెయ్యకు, మర ఉన్న ప్లగ్గు ఎట్టు. ఎప్పుడో విప్పాల్సొస్తాది." మర ప్లగ్గుకు ఎడాప్టరు కూడా కావాలి, ఖర్చు పెరుగుతుందని నేను వినలేదు. మొత్తం 13,640 రూపాయలు. నలుగురం పంచుకున్నాం.

డిసెంబరు 7

క్యాంపస్ ఇంటర్వ్యూ. ఒక సాఫ్ట్‌వేర్ సపోర్టు ఉద్యోగం, విశాఖలో. ప్రాజెక్టు గురించి రెండు నిమిషాల్లో చెప్పమన్నారు. వాగు, వాల్వ్, మామ్మ ప్రశ్న, అన్నీ చెప్పుకుంటూ పోయాను. వాళ్లే ఆపి, నైట్ షిఫ్టు చేయగలవా అన్నారు. చేస్తానన్నాను. సాయంత్రం సెలెక్ట్ అయ్యానని మెయిల్ వచ్చింది. ఇంట్లో పాయసం. అమ్మ ముగ్గురు పిన్నులకు ఫోన్ చేసింది. నాకూ సంతోషమే, కాదనను. మూడేళ్ల టెన్షన్ ఒక్క మెయిల్‌తో దిగింది. పడుకునే ముందు మాత్రం ఆ ఉద్యోగంలో పొద్దున లేచి ఏం చేస్తానో ఊహించుకుందామంటే ఏ బొమ్మా రాలేదు. పంపు గురించి అయితే రేపు ఏం చేయాలో 9 పనులు రాసుకుని ఉన్నాను.

జనవరి 18, 19

బిగించాం. రెండు రోజులు.

ఒక్కో జీఐ లెంగ్తు 30 కిలోలు ఉంటుంది. బరువు కన్నా పొడవుతోనే కష్టం. మలుపుల్లో ముందువాడు ఆగితే వెనకవాడు గోతిలోకి నెట్టుకుపోతాడు. ఊరి కుర్రాళ్లు ఆరుగురు వచ్చారు. వాళ్లు మోసిన తీరు చూసి మేం పక్కకు తప్పుకున్నాం.

మరలకు జనపనార చుట్టి సఫేదా రాసి బిగించాం. నార ఎటు చుట్టాలో నాన్న ముందు రోజు రాత్రి చూపించాడు. మర తిరిగే వైపే చుట్టాలి, ఎదురు చుట్టితే బిగించేటప్పుడు ఊడి వచ్చేస్తుంది. పంపు కింద సిమెంటు దిమ్మ. డ్రైవ్ పైపు నోటికి స్టీల్ జల్లెడ. రెండో రోజు మూడున్నరకి నీళ్లు వదిలి వేస్ట్ వాల్వ్ నొక్కడం మొదలుపెట్టాను. గేజ్ ముల్లు కొద్దికొద్దిగా లేచింది. 1.4 దగ్గర, అంటే 14 మీటర్ల ఎత్తుకు సరిపడే ఒత్తిడి దగ్గర, గేట్ వాల్వ్ తిప్పాం. నిమిషానికి 48 దెబ్బలు. ఇనుప పైపు కదా, ఒక్కో దెబ్బ కొండకు తగిలి తిరిగి వినిపిస్తోంది.

పైన ట్యాంకు దగ్గర ఉన్న పిల్లలు అరిచేదాకా మాకు నమ్మకం లేదు. పైపు మూతి దగ్గర ముందు గాలి బుస్సుమంది, తర్వాత నాలుగు చుక్కలు, తర్వాత చిటికెన వేలంత ధార. మామ్మ వచ్చి చెయ్యి పెట్టి చూసింది. తర్వాత కిందికి దిగి పంపు దగ్గర కూర్చుంది. చీకటి పడి మేం బయల్దేరే వరకూ అక్కడే ఉంది, ఎవరూ నడపకుండా అది నడవడం చూస్తూ.

జనవరి 26

నిమిషానికి 2.8 లీటర్లు. వాగు నుంచి తీసుకుంటున్నది 52. సామర్థ్యం 31 శాతం. కాగితం మీద 6.2 అనుకున్నాం. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే ఈ ఊరికి 4290 కావాలి. మాది రోజుకు 4032. ఇంకా చాలదు.

ఫిబ్రవరి 2

ఫోన్ వచ్చింది, చప్పుడు మారిందట. వెళ్లేసరికి టక్ టక్ పోయి ఠంగు ఠంగుమంటోంది, పైపు అదురుతోంది, పైన నీళ్లు ధారగా కాక ఉమ్మినట్టు పడుతున్నాయి. గాలి గదిలో గాలి అయిపోయింది. లోపలి గాలి నెమ్మదిగా నీటిలో కరిగి నీళ్లతో పాటు వెళ్లిపోతుంది. గది నిండా నీళ్లే ఉంటే మెత్త లేదు, దెబ్బంతా అతుకుల మీదే.

మందు తెలిసిందే. కొద్దిగా గాలి కొట్టిన సైకిల్ ట్యూబు గదిలో పెడితే ఆ గాలి నీటిలో కరగదు. కానీ గది తెరవాలి కదా, మూత నేను గమ్ముతో అతికించాను. హ్యాక్సా బ్లేడుతో కోశాం. నలభై నిమిషాలు పట్టింది. నాన్న చెప్పిన మర ప్లగ్గు, ఎడాప్టరు ఇప్పుడు కొన్నాం. ఇంటికి వచ్చి చెప్పాను. ఏమీ అనలేదు, సైజు సరిగ్గా తెచ్చావా అని మాత్రం అడిగాడు.

ఫిబ్రవరి 15

ట్యూబు పనిచేస్తోంది. డెలివరీ దారిలో రెండు ఎల్బోలు తీసేసి పైపు తిన్నగా వేశాం. వేస్ట్ వాల్వ్ రేకుకు ఒక బోల్టు, రెండు నట్లు బరువు కట్టాం. ఒక్కో నట్టు కలుపుతూ, తీస్తూ, ప్రతిసారీ పది నిమిషాలు కొలిచాం. ఇప్పుడు 4.1 లీటర్లు. 46 శాతం. రోజుకు 5904.

నట్లు మారుస్తూ ఉండగా ఒక సంగతి తట్టింది, మర్చిపోకముందే రాస్తున్నాను. బ్యాంకు, సాఫ్ట్‌వేర్, గేట్ అంటూ ఇన్నాళ్లూ నేను ఎంచుకోవాలని చూసింది ఉద్యోగాల పేర్లు. ఆ పేర్ల వెనక రోజంతా చేసే పని ఏమిటో ఒక్కదానికీ తెలియదు. తెలియనివాటి మధ్య ఎంచుకోమంటే భయం కాక ఇంకేం వస్తుంది? నాకు తెలిసి నేను సాయంత్రం దాకా విసుగు లేకుండా చేసిన పని ఇదొక్కటే. కొలవడం, మార్చడం, మళ్లీ కొలవడం, అదీ ఫలానా ఇంటి కుళాయి కోసం. దీనికి ఉద్యోగంగా ఏ పేరుందో ఇప్పుడు వెతకాలి.

వెతికాను కూడా. ఊళ్లకు పనికొచ్చే సాంకేతికత మీద ఐఐటీ బొంబాయిలో ఎం.టెక్ ఉంది. గ్రామాల్లో ఊటనీళ్లను పైపుల ద్వారా ఇంటింటికీ తేవడంలో ఏళ్లుగా పనిచేస్తున్న గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ మా పక్క జిల్లా గంజాంలోనే ఉంది. ఇవన్నీ మొదటి ఏడాది నుంచీ నాకు బస్సు దూరంలో, ఫోన్ దూరంలో ఉన్నవే.

మార్చి 22

గేట్ ఫలితం. క్వాలిఫై అయ్యాను, ఐఐటీకి చాలే స్కోరు కాదు. అనుకున్నదే.

ఏప్రిల్ 20

ఎండలు. వాగు సన్నబడింది. 15 లీటర్ల బకెట్‌కి 21 సెకన్లు. ఒక నట్టు తీసేశాం, పంపు ఇప్పుడు నిమిషానికి 38 లీటర్లే తీసుకుంటోంది. పైకి 2.9. రోజుకు 4176, మనిషికి 53 లీటర్ల పైచిలుకు. లెక్కకు ఒకటిన్నర లీటరు తక్కువ. రాత్రంతా ట్యాంకు నిండుతుంది కాబట్టి పొద్దున్న బిందెల వరస లేదని మిత్రుడి వదిన చెప్పింది. పంపు చూసుకునేది ఆమే. జల్లెడలో ఆకులు తీయడం, ఆగిపోతే నొక్కి మొదలుపెట్టడం, అన్నీ. మా కన్నా తక్కువ నొక్కులతో మొదలుపెడుతుంది, 15 చాలు ఆమెకి. ఎలాగంటే చెప్పలేదు, నా చేతిని పట్టుకుని ఎప్పుడు వదలాలో చూపించింది.

మే 3

వైవా అయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎయిర్ ఛాంబర్ సైజు ఎలా నిర్ణయించారని అడిగారు. ట్యూబు కథంతా చెప్పాను. తప్పు చేసిన భాగం రిపోర్టులో ఎందుకు రాయలేదన్నారు. రాసి ఇస్తాను సార్ అన్నాను. రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాసి అతికించాను.

మే 6

విశాఖ ఉద్యోగానికి రానని మెయిల్ పెట్టాను. బరంపురంలో గ్రామాల మంచినీటి పనులు చేసేచోట ఏడాది ట్రైనీగా తీసుకుంటున్నారు. జీతం ఆ ఉద్యోగంలో సగం కన్నా తక్కువ. అక్కడే ఉంటూ గేట్ మళ్లీ రాస్తాను. అమ్మ రెండు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. పిన్నులకు ఏం చెప్పాలన్నది ఆమె బాధ. ఆ బాధ చిన్నదని నేను అనుకోవడం లేదు. నా ఫీజు కోసం ఆమె గాజులు రెండుసార్లు తాకట్టులోకి వెళ్లొచ్చాయి. మొదటి జీతంతో ఏం చేయాలో నాకు తెలుసు.

మే 11

ఆదివారం, షాపు సెలవు. నాన్నను ఊరికి తీసుకెళ్లాను.

22 ఏళ్లుగా పైపులు, వాల్వులు అమ్మాడు. అవి ఎక్కడ బిగిస్తారో, బిగించాక ఎలా ఉంటాయో చూడటం ఇదే మొదటిసారి అన్నాడు దారిలో. నాకు తెలియదు ఆ సంగతి. వాగు దగ్గర చెప్పులు విప్పి దిగి, డ్రైవ్ పైపు మీద అరచెయ్యి పెట్టాడు. ప్రతి దెబ్బకీ చెయ్యి కొద్దిగా అదురుతోంది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత కింది యూనియన్ దగ్గర వంగి చూశాడు. మేమెవ్వరం పట్టించుకోని సన్నని చెమ్మ, నిమిషానికి రెండు చుక్కలు. "స్పానర్ ఇటియ్యమ్మా." పావు తిప్పు బిగించి, వేలితో తుడిచి, మళ్లీ తడి వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. రాలేదు.

మిత్రుడి వదినకు సామాను అప్పగించాం: ఒక చెక్ వాల్వ్, రెండు సైకిల్ ట్యూబులు, నార, సఫేదా, ఒక స్పానర్. వచ్చే నెల వానలు మొదలైతే వాగు ఇసుక తెస్తుంది, జల్లెడ ముందు రాళ్లతో చిన్న కట్ట కట్టాలి. నాన్న ఒక చాక్‌పీస్ ముక్కతో బండ మీద కట్ట కొలతలు గీశాడు. ఆమె ఇంకో జానెడు పక్కకు జరపమంది, వరద ఎటు కొడుతుందో ఆమెకు తెలుసు. అలాగే జరిపాం. 18న వెళ్లి కట్టాలి.